'రెస్క్యూడ్ బై రోవర్': మూడుసార్లు తీసిన మూకీ

1905 నాటి బ్రిటిష్ మూకీ చిత్రం 'రెస్క్యూడ్ బై రోవర్' ప్రతులన్నీ అచ్చంగా ఒకేలా ఉండవు. వాటిలో అసలుది ఏదన్న ప్రశ్నకు జవాబు ఆ చిత్రం పుట్టి, అమ్ముడుపోయిన తీరులో ఉంది.

లండన్ సమీపంలో, థేమ్స్ నది ఒడ్డున ఉన్న వాల్టన్‌లో సెసిల్ హెప్‌వర్త్ తన చిత్రనిర్మాణ సంస్థను నడిపేవాడు. ఈ చిత్రానికి దర్శకుడు లెవిన్ ఫిట్జ్‌హామన్ కాగా, కథ అల్లినది హెప్‌వర్త్ భార్య మార్గరెట్. తల్లి పాత్ర ఆమెదే. తండ్రి హెప్‌వర్త్, పసిపాప వారి కూతురు, రోవర్‌గా నటించిన బ్లెయిర్ వారి పెంపుడు కుక్క. సైనికుడిగా, బిచ్చగత్తెగా నటించిన దంపతులకు మాత్రం తలా అర గినీ (పదిన్నర షిల్లింగులు) ఇచ్చారు. లండన్ నుంచి వచ్చిపోయే ఖర్చు కూడా అందులోనే. మొత్తం చిత్రానికి అయినది 7 పౌండ్ల 13 షిల్లింగుల 9 పెన్నీలు. మార్గరెట్ పేరు ఆమె భర్త పేరంతగా నిలవకపోవడం అన్యాయమే, ఎందుకంటే ఈ చిత్రానికి ప్రాణం కథే.

పాపను చూసుకునే ఆయా ఓ సైనికుడితో మాటల్లో పడి ఉండగా బిచ్చగత్తె బండిలోని పాపను ఎత్తుకుపోతుంది. ఆయా ఏడుస్తూ వచ్చి తల్లికి చెప్పగానే రోవర్ కిటికీలోంచి దూకి, వీధి వెంట పరుగెత్తి, నది ఈది, పేదల ఇళ్ల వరుసలో తలుపు తలుపూ వెతికి పాపను కనిపెడుతుంది. తిరిగి అదే దారిన ఇంటికి వచ్చి యజమానిని వెంటబెట్టుకుపోతుంది; అది ఈదిన నదిని ఆయన పడవలో దాటుతాడు. వీధి, మలుపు, నది, గుమ్మం అదే వరుసలో మళ్లీ మళ్లీ రావడం వల్ల, తెరమీద ఒక్క అక్షరం లేకపోయినా, ఎవరు ఎక్కడున్నారో ప్రేక్షకుడికి ఇట్టే తెలిసిపోతుంది. అప్పటి చిత్రాలలో ఇంత నిండైన కూర్పు అరుదు.

ఆ రోజుల్లో ప్రదర్శకులు ప్రింటును అద్దెకు తీసుకోవడం కన్నా కొనుక్కోవడమే ఎక్కువ. ఈ చిత్రానికి మొత్తం 395 ప్రింట్లు అమ్ముడుపోయాయి. ఆ గిరాకీకి, ప్రింట్లు తీసే మూల ఫిల్ము అయిన నెగెటివ్ అరిగిపోయింది. మరో నెగెటివ్ కోసం చిత్రాన్ని మొదటి నుంచి మళ్లీ తీశారు; అదీ అరిగిపోతే మూడోసారి తీశారు. అందువల్లే ప్రతుల మధ్య ఆ తేడాలు. ఒకే చిత్రంగా అమ్మిన ఆ మూడింటినీ అసలువనే అనాలి.

1924లో హెప్‌వర్త్ సంస్థ దివాలా తీసింది. అతని నెగెటివ్‌లను కరిగించి విమానాల రెక్కలకు పూతగా వాడేందుకు అమ్మేశారు. రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ 1921లో అందించిన తొలి తెలుగు మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ'కు ఒక్క ప్రతీ దక్కించుకోలేకపోయిన మనకు ఆ నష్టం ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు. రోవర్ కథ మాత్రం అప్పటికే వందల ప్రింట్లుగా ఊరూరా చేరిపోయి ఉండటం వల్ల నేటికీ చూడగలుగుతున్నాం.