హార్మోన్ తక్కువుంటే సూది వేస్తే సరిపోతుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

నల్లగొండలో గైనకాలజిస్టుగా ప్రాక్టీసు చేస్తున్నాను. దేవరకొండ నుంచి వచ్చినా, హాలియా నుంచి వచ్చినా రిపోర్టు బల్ల మీద పెట్టి అడిగే ప్రశ్న ఒకటే: "మేడమ్, హార్మోన్ ఎక్కువుందా, తక్కువుందా?" చాలా అపోహలు అక్కడే మొదలవుతాయి.

అపోహ: టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) సూది వేసుకుంటే పిల్లలు తొందరగా అవుతారు.

పెళ్లై మూడేళ్లైనా పిల్లలు కాలేదని జంటగా వస్తారు. అబ్బాయి కండలు తిరిగి ఉంటాడు. వీర్య పరీక్షలో కణాలు మాత్రం సున్నా. రెండు మూడు సార్లు అడిగితే గానీ జిమ్ములో ఎవరో ఇచ్చిన సూదుల సంగతి బయటికి రాదు.

వాళ్లకు బోరు మోటరుతో చెప్తాను. ట్యాంకు నిండితే ఫ్లోట్ స్విచ్ మోటరును ఆపుతుంది, నీళ్లు తగ్గితే మళ్లీ నడిపిస్తుంది. మెదడులోని హైపోథాలమస్, దాని కింద వేలాడే పిట్యూటరీ చేసే పని అదే. హైపోథాలమస్ గంటకో, రెండు గంటలకో ఒకసారి జీఎన్ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను కొంచెం వదులుతుంది. అది అందగానే పిట్యూటరీ ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లు పంపుతుంది. ఎల్‌హెచ్ అందితే వృషణాలు టెస్టోస్టిరాన్ తయారుచేస్తాయి. రక్తంలో అది చాలినంత ఉందని తెలిస్తే పైనుంచి వచ్చే ఆజ్ఞ తగ్గుతుంది.

సూది వేసుకోవడమంటే ట్యాంకర్ తెప్పించి ట్యాంకు నింపడం. ఫ్లోట్ లేస్తుంది, మోటరు ఆగిపోతుంది. ఇంట్లో నల్లాలకు లోటుండదు. కానీ బోరు పైపు నుంచే నేరుగా పారే బత్తాయి తోట ఎండుతుంది. వీర్యకణాలు ఆ తోటలాంటివి. అవి తయారవ్వాలంటే వృషణాల లోపల రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ టెస్టోస్టిరాన్ ఉండాలి. సూదిమందు అక్కడ ఆ లోటు పూడ్చలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో వెలువరించిన ఒక అధ్యయనంలో వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ సూదిని మగవాళ్ల గర్భనిరోధకంగానే పరీక్షించారు. ఈ మాట చెప్తే అబ్బాయి కంటే ముందు పక్కనున్న భార్య ముఖం మారుతుంది.

సూదులు ఆపితే చాలామందికి కణాలు తిరిగి వస్తాయి. కానీ ఒక కణం తయారవడానికే 70 రోజులకు పైగా పడుతుంది. మోటరు మళ్లీ అందుకోవడానికి నెలలు, కొందరికి ఏడాది పైనే. "వచ్చే నెలకల్లా అయితదా మేడమ్?" అంటే కాదనే చెప్తాను.

అపోహ: ఎఫ్ఎస్‌హెచ్ ఎక్కువుంటే హార్మోన్లు బలంగా ఉన్నట్టు.

ఆడవాళ్లలో తరచూ దీనికి రివర్స్. అండాశయంలో అండాలు తరిగిపోతే అక్కడ తయారయ్యే ఈస్ట్రోజెన్, ఇన్‌హిబిన్ అనే హార్మోన్లు తగ్గుతాయి. కింది నుంచి జవాబు రాకపోయేసరికి పిట్యూటరీ గొంతు పెంచుతుంది, అంటే ఎఫ్ఎస్‌హెచ్ ఎక్కువ పంపుతుంది. రిపోర్టులో కనిపించే పెద్ద అంకె ఆ అరుపే. "గర్భసంచి తీశారు కదా, హార్మోన్లు పోయినట్టేగా" అనేవాళ్లకూ ఇక్కడే జవాబుంది. ఈస్ట్రోజెన్ చేసేది అండాశయాలు, గర్భసంచి కాదు. ఆపరేషన్ కాగితంలో అండాశయాలు ఉంచారా, తీశారా అన్నది తప్పక చూసుకోండి.

అపోహ: డేట్ (నెలసరి) వాయిదా గోళీ వేసుకుంటే చెడు రక్తం లోపలే ఉండిపోతుంది.

బతుకమ్మకు ముందు, యాదగిరిగుట్టకు మొక్కు ఉన్నప్పుడు ఈ గోళీల కోసం చాలామంది వస్తారు. లోపల రక్తమేమీ నిల్వ ఉండదు. ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ పడిపోతేనే గర్భసంచి లోపలి పొర ఊడుతుంది. గోళీలో దానిలాంటి మందే ఉంటుంది కాబట్టి పొర నిలబడుతుంది. ఆపిన రెండు మూడు రోజులకు డేట్ వస్తుంది. అయితే ఎప్పుడైనా కాలి నరాల్లో రక్తం గడ్డకట్టినవాళ్లు, లివర్ జబ్బున్నవాళ్లు, గర్భమేమోనన్న అనుమానం ఉన్నవాళ్లు మెడికల్ షాపులో అడిగి వేసుకోవద్దు.

అపోహ: ప్రొజెస్టిరాన్ పరీక్ష 21వ రోజే చేయించాలి.

అండం విడుదలైందో లేదో చూసే పరీక్ష ఇది. దీనికి ముందు ఇంకొకటి చెప్పాలి, ఇది నర్సింగ్ చదివే పిల్లలు కూడా తడబడే చోటు. ఈస్ట్రోజెన్ మామూలుగా పిట్యూటరీని అణిచే ఉంచుతుంది. కానీ అండం పక్వమయ్యేటప్పుడు అది బాగా పెరిగి దాదాపు రెండు రోజులు అలాగే నిలిస్తే తీరు తిరగబడుతుంది. అణిచే చెయ్యే అప్పుడు ఎగదోస్తుంది. ఎల్‌హెచ్ ఒక్కసారిగా ఉప్పొంగుతుంది, సుమారు 36 గంటలకు అండం విడుదలవుతుంది. ఫ్లోట్ స్విచ్‌కు ఈ విద్య రాదు, నా పోలిక ఇక్కడ పనిచేయదు.

అండం విడుదలయ్యాక డేట్ రావడానికి దాదాపు 14 రోజులు. మధ్యలో, అంటే ఏడో రోజుకు ప్రొజెస్టిరాన్ బాగా ఉంటుంది. 28 రోజులకోసారి డేట్ వచ్చేవాళ్లకు, డేట్ మొదలైన రోజు నుంచి లెక్కిస్తే, అది 21వ రోజు. 35 రోజులకు డేట్ వచ్చే అమ్మాయికి 21వ రోజున అండమే అప్పుడప్పుడే విడుదలవుతుంటుంది. ఆ రోజు పరీక్ష చేసి "తక్కువుంది" అని రాసిచ్చిన రిపోర్టులు, వాటితో నెలల తరబడి వాడిన మందుల చీటీలు చాలా చూశాను. ఆమె 28వ రోజున రావాలి. రిపోర్టుతో పాటు గత మూడు నెలల డేట్లు రాసుకుని రండి, క్యాలెండర్ చింపి తెచ్చినా ఫర్వాలేదు.