ఒక్క మెతుకు సరిపోని చోట

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని పెద్దలు చెబుతారు. ఆ మాట నిజమే. అయితే బియ్యమంతా ఒకే రకమై, ఒకే ఎసరులో, ఒకే మంట మీద ఉడుకుతున్నప్పుడే అది నిజం. భూమి మీది వాతావరణం అటువంటి గిన్నె కాదు. ఒక ఖండం చలికి వణుకుతున్న రోజునే మరో ఖండం వడగాడ్పులకు మాడుతూ ఉంటుంది. ఒకే ఊళ్లో ఈ ఏటి వేసవికీ మరుసటి ఏటి వేసవికీ పొంతన ఉండదు. అయినా భూతాపం గురించి వాదించుకునేటప్పుడు మనం తరచుగా చేసేది ఈ ఒక్క మెతుకు పరీక్షే.

2015 ఫిబ్రవరి 26న అమెరికా సెనేట్‌లో ఇది అందరి కళ్లముందే జరిగింది. పర్యావరణ వ్యవహారాల సంఘానికి అధ్యక్షుడిగా ఉన్న ఓక్లహోమా సెనేటర్ జేమ్స్ ఇన్హోఫ్, 2014 అత్యంత వేడి సంవత్సరమన్న ప్రకటనను ప్రస్తావిస్తూ సంచిలోంచి ఒక మంచు ముద్దను బయటికి తీశారు. బయట అంత చలిగా ఉందని చెప్పి, దాన్ని సభాధ్యక్ష స్థానం వైపు విసిరారు. ఆ మంచు అబద్ధం కాదు. ఆ నెలలో అమెరికా తూర్పు ప్రాంతం నిజంగానే తీవ్రమైన చలిలో ఉంది. కానీ అదే నెలలో ఆ దేశపు పడమటి రాష్ట్రాలు మామూలుకన్నా బాగా వెచ్చగా ఉన్నాయి. పైగా అమెరికా మొత్తాన్ని కలిపినా భూతలంలో 2 శాతానికి లోపే. ఆ ఏడాది ముగిసేసరికి 2014 నాటి రికార్డును 2015 దాటిపోయింది.

మంచు ముద్దను తప్పుపట్టడం తేలిక. అదే పొరపాటు మన పక్షాన జరిగినప్పుడు గుర్తించడం కష్టం. భూమి వేడెక్కుతోందనీ, అందుకు ప్రధాన కారణం మనుషులు మండిస్తున్న బొగ్గు, చమురు, సహజవాయువులేననీ నేను నమ్ముతాను. ఆ నమ్మకానికి ఆధారంగా కొలతలున్నాయి. అయినా ఒక మండు మధ్యాహ్నాన్ని చూపించి ఇదే భూతాపమంటే, ఆ వాదన కూడా మంచు ముద్ద కోవలోదే అవుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత, భూతాపం అన్న మాట మన చెవిన పడకముందే ఉంది. మే చివరి ఎండలు భరించరానివిగా ఉండటం కొత్త కాదని అది సాక్ష్యం చెబుతోంది. అటువంటి రోజులు మునుపటికన్నా ఎన్ని పెరిగాయన్నదే తేల్చవలసిన ప్రశ్న. ఏ ఒక్క రోజు అనుభవమూ దానికి జవాబు చెప్పలేదు.

ఒక్క రోజు చాలకపోతే ఒక జీవితకాలపు అనుభవమైనా చాలదా అని అడగవచ్చు. ఇక్కడే జ్ఞాపకం మనల్ని ఎక్కువగా మోసగిస్తుంది. కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ రోజు మామూలుకన్నా వేడిగా ఉందనుకున్నవారు భూతాపాన్ని ఎక్కువగానూ, చల్లగా ఉందనుకున్నవారు తక్కువగానూ నమ్మినట్లు తేలింది. 2019లో వెలువడిన మరో అధ్యయనం, అమెరికాలోని 200 కోట్లకు పైగా ట్వీట్లను పరిశీలించి, అసాధారణమైన ఉష్ణోగ్రతలు కొన్నేళ్లపాటు మళ్లీ మళ్లీ వస్తే జనం వాటి గురించి మాట్లాడటం మానేస్తారని చూపింది. మనం మామూలు అనుకునే వాతావరణం దాదాపు 2 నుంచి 8 ఏళ్ల కిందటిది మాత్రమేనట. నాకు అన్నిటికన్నా కలవరం కలిగించే ఫలితమిది. మన అనుభవం అటూ ఇటూ తడబడటమే కాదు, నెమ్మదిగా వచ్చే మార్పును మన కంటికి కనబడనీయకుండా ఒకే వైపుకు వాలుతోందన్నమాట.

అలాగని వ్యక్తుల పరిశీలనను తోసిపుచ్చడం న్యాయం కాదు. భూతాపం లెక్కలను శంకించిన ఆంథొనీ వాట్స్ అనే వాతావరణ వ్యాఖ్యాత 2007లో స్వచ్ఛంద కార్యకర్తలను కూడగట్టి, అమెరికాలోని ఉష్ణోగ్రత కేంద్రాలను ఫొటోలు తీయించారు. వాటిలో చాలా కేంద్రాలు గోడల పక్కన, తారు వేసిన స్థలాల అంచున, ఏసీ యంత్రాల వేడిగాలి తగిలే చోట ఉన్నాయి. ఆ ఫొటోలు చూసిన ఎవరికైనా, వేడెక్కింది భూమి కాదు, థర్మామీటరేనన్న అనుమానం రాక మానదు. అది అడగదగిన ప్రశ్న. దాన్ని ఎవరూ కొట్టిపారేయకుండా లెక్కకట్టి చూశారు. 2010లో ప్రభుత్వ శాస్త్రవేత్తలు, మంచి చోట ఉన్న కేంద్రాలను, చెడ్డ చోట ఉన్న కేంద్రాలను విడదీసి పోల్చినప్పుడు, చెడ్డ కేంద్రాల్లో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రతల పెరుగుదల ఎక్కువగా కాక తక్కువగా కనబడింది. దానికి కారణం ఉంది. 1980లలో చెక్క పెట్టెల్లోని గాజు థర్మామీటర్ల స్థానంలో ఎలక్ట్రానిక్ పరికరాలు వచ్చాయి. కొత్త పరికరాలకు తీగ కావాలి కనుక వాటిని భవనాల దగ్గరికి జరిపారు. అవి గరిష్ఠాన్ని పాతవాటికన్నా కాస్త తక్కువగా చూపేవి. వాట్స్ స్వయంగా సహరచయితగా ఉన్న 2011 నాటి పత్రం కూడా, సగటు ఉష్ణోగ్రత పెరుగుదల మంచి, చెడ్డ కేంద్రాల్లో దాదాపు ఒకేలా ఉందని అంగీకరించింది. ఫొటో అబద్ధం చెప్పలేదు; దాన్నిబట్టి మనం ఊహించుకున్న ముగింపే తప్పు.

మరి ఒక మనిషి కళ్లారా చూసింది ఎప్పుడు సాక్ష్యమవుతుంది? జపాన్‌లోని నగానో ప్రాంతంలో సువా అనే సరస్సు ఉంది. చలికాలంలో అది గడ్డకట్టాక, రాత్రి చలికి మంచు కుంచించుకుని పగుళ్లిస్తుంది, పగుళ్లలోకి వచ్చిన నీరు మళ్లీ గడ్డకడుతుంది, పగటిపూట మంచు వ్యాకోచించి ఆ పగుళ్ల వెంట గట్టులా పైకి లేస్తుంది. ఒడ్డున ఉన్న దేవుడు అవతలి ఒడ్డున ఉన్న దేవేరి దగ్గరికి నడిచి వెళ్లిన దారి అదని స్థానికుల నమ్మకం. అందుకే అక్కడి పూజారులు 1443 నుంచి దాని వివరాలు రాసిపెడుతూ వచ్చారు. భూతాపం గురించి వారికేమీ తెలియదు, ఎవరి వాదననూ గెలిపించవలసిన పని లేదు. ఒకే చోటును, ఒకే సంకేతం కోసం, ప్రతి ఏటా చూశారు. మంచు కట్టని ఏడును కూడా వదలకుండా రాశారు. మంచు ముద్దలో లేనిది సరిగ్గా ఇదే: మంచు దొరకని రోజున ఎవరూ ఖాళీ చేతులతో సభకు రారు. మొదటి 250 ఏళ్లలో సరస్సు గడ్డకట్టని చలికాలాలు 3 మాత్రమే. 1955 నుంచి 2004 వరకు అటువంటివి 12. ఆ తర్వాతి పదేళ్లలోనే 5. ఒక సరస్సు కూడా ఒక మెతుకే కదా అంటే, అవును. అందుకే పరిశోధకులు దాన్ని 1693 నుంచి మంచు కరిగే తేదీలు నమోదవుతున్న ఫిన్లాండ్ సరిహద్దులోని టోర్నె నదితో కలిపి చూశారు. అక్కడా మంచు మునుపటికన్నా ముందుగా కరుగుతోంది.

సువా ఒడ్డున దేవుడి దారి 2018లో కనిపించింది. ఆ తర్వాత 2025 వరకు ఒక్క చలికాలంలోనూ కనిపించలేదు. అయినా ఏటా జనవరి మొదటి వారం నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా పూజారీ భక్తులూ తెల్లవారుజామున ఒడ్డుకు చేరి, నీటిని చూసి, ఆ ఏడు దేవుడి దారి కనబడలేదని రాసుకుని వస్తున్నారు.