ట్యాంకు నిండా డీజిల్ ఉన్నా హీటర్ ఎందుకు ఆగింది?

లీడ్స్,
జనవరి మొదటి వారం.

చిట్టీ, చిన్నా,

తాతయ్య ఆశీస్సులు. మొన్న వీడియో కాల్‌లో మీ మామయ్య స్కాట్లాండ్ కబుర్లు చెబుతుంటే చిట్టి ఒకటి అడిగింది గుర్తుందా? "ట్యాంకు నిండా డీజిల్ ఉంది కదా మామయ్యా, మరి హీటర్ ఎందుకు ఆగిపోయింది?" అని. అంతలో నెట్ కట్టయింది. చాలా మంచి ప్రశ్న తల్లీ. ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

మేం వెళ్ళింది మోటార్‌హోమ్‌లో. వ్యానులోనే మంచాలు, స్టవ్వు, సింకు అన్నీ ఉంటాయి. అద్దెకు తీసుకుని ఏవిమోర్ అనే ఊరి దగ్గర, కొండల మధ్య ఆపుకున్నాం. డిసెంబరు ఆఖరు. రాత్రి బయట మైనస్ 4. మొదటి రాత్రి లోపల వెచ్చగా, హాయిగా పడుకున్నాం. రెండో రాత్రి మూడింటికి ముక్కు చల్లబడిపోయి నాకు మెలకువ వచ్చింది. కిటికీ అద్దం లోపలివైపు మా ఊపిరి తడే గడ్డకట్టింది, గోటితో గీరితే పొడిలా రాలుతోంది. హీటర్ దగ్గర ఎర్ర లైటు ఆరుతూ వెలుగుతూ ఉంది. మామయ్య మళ్ళీ స్విచ్ నొక్కాడు. బ్యాటరీ మీటరు 11.6 వోల్టుల నుంచి ఒక్కసారిగా 10.4కి పడింది. టక్కున ఆగిపోయింది. ఇంకోసారి నొక్కినా అదే.

మీ అమ్మమ్మ కుంపటి రాజెయ్యడం చూశారు కదా. బొగ్గులు ఎన్ని ఉన్నా విసనకర్ర ఆడించే చెయ్యి లేకపోతే నిప్పు అందుకోదు. ఆ హీటర్‌లో డీజిల్ బొగ్గులాంటిది. విసిరే చెయ్యి బ్యాటరీ. వేడిగాలిని లోపలికి తోసే ఫ్యాను, చుక్కచుక్కగా డీజిల్ అందించే చిన్న పంపు, అన్నిటినీ కనిపెట్టుకుని ఉండే సర్క్యూట్, ఇవన్నీ 12 వోల్టుల కరెంటు మీదే నడుస్తాయి. అన్నిటికంటే ఆకలి ఎక్కువ గ్లో ప్లగ్‌కి. హీటర్ వెలిగేటప్పుడు అది ఎర్రగా కాలి డీజిల్‌ని అంటిస్తుంది. ఆ రెండు మూడు నిమిషాలూ 8 నుంచి 10 ఆంపియర్లు లాగుతుంది. మంట అందుకున్నాక మొత్తం కలిపి ఒకటి, రెండు ఆంపియర్లు చాలు.

అందుకే నీరసపడిన బ్యాటరీ కూడా వెలుగుతున్న హీటర్‌ని నడిపించగలదు, ఆరిపోయినదాన్ని మాత్రం వెలిగించలేదు. మాకు జరిగింది ఇదే. లోపల వేడి సరిపోయిందని థర్మోస్టాట్ అర్ధరాత్రి హీటర్‌ని ఆపింది. మూడింటికి మళ్ళీ వెలిగించబోతే గ్లో ప్లగ్ బరువుకి వోల్టేజి కుంగిపోయింది. సుమారు పదిన్నర వోల్టుల కిందికి పడితే హీటర్ తనంతట తనే ఆగిపోయేలా ఏర్పాటు ఉంటుంది. అలాంటి రాత్రుళ్ళు దాన్ని ఆపుతూ వేస్తూ ఉండకుండా సన్నగా వెలుగుతూ వదిలెయ్యడం మేలు.

ఇక లెక్క చూద్దాం. పుస్తకం తీసుకోండి. బ్యాటరీ మీద 100 ఏహెచ్ అని ఉంది. ఆంపియర్ అవర్ అన్నమాట. ఒక ఆంపియర్ చొప్పున వాడితే వంద గంటలు రావాలి. కానీ అది 25 డిగ్రీల దగ్గర వేసిన లెక్క. సున్నా దగ్గర ఆ యాసిడ్ బ్యాటరీ దాదాపు ఐదో వంతు శక్తి ఇవ్వలేదు. చలికి లోపల రసాయన చర్య మందగిస్తుంది, ప్లేట్ల సందుల్లోకి యాసిడ్ త్వరగా చేరదు. వెచ్చబడితే ఆ శక్తి తిరిగొస్తుంది, ఎక్కడికీ పోదు. అంటే మా చేతిలో ఉన్నది 80. అందులో సగం కంటే ఎక్కువ వాడితే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి, మర్యాదగా వాడుకోవాల్సింది 40.

అక్కడ డిసెంబరులో మధ్యాహ్నం మూడున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు. సాయంత్రం అయిదు నుంచి పొద్దున ఎనిమిది దాకా హీటర్ 15 గంటలు, గంటకి 2 చొప్పున 30. లైట్లు, నీళ్ళ పంపు, ఫోన్ల చార్జింగు కలిపి ఇంకో 8, 10. నలభై అయిపోయింది! ఒక్క రాత్రికే సరి. మర్నాడు బండి కదిల్చి ఉంటే ఇంజన్ కొంత నింపేది. మంచు పడుతోందని మేం కదల్లేదు. పైకప్పు మీద సోలార్ ప్యానెల్ ఉంది కదా అనుకున్నాం. అక్కడ ఆ రోజుల్లో నడినెత్తికి రావలసిన వేళ కూడా సూర్యుడు పది డిగ్రీల ఎత్తుకే వస్తాడు. పడుకోబెట్టిన ప్యానెల్ మీద ఎండ ఏటవాలుగా జారిపోతుంది. పైగా దాని మీద నాలుగు వేళ్ళ మందాన మంచు.

ఆ రాత్రి మీ అమ్మమ్మ వణికిపోతూ "గ్యాస్ స్టవ్ వెలిగించుకుందాం" అంది. నేను గట్టిగా వద్దన్నాను. మూసేసిన వ్యానులో స్టవ్వు వెచ్చదనం కోసం వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఈ ఒక్క మాట ఎప్పటికీ మర్చిపోవద్దు నాన్నా. ఇంజన్‌కి వేరే బ్యాటరీ ఉంటుంది. అందుకని మామయ్య దిగి, పొగ గొట్టం చుట్టూ పేరుకున్న మంచు తవ్వేసి, ఇంజన్ స్టార్ట్ చేశాడు. వోల్టేజి 13 దాటాక హీటర్ అందుకుంది. మర్నాడు ఇన్వర్‌నెస్ అనే ఊరి దాకా వెళ్ళి, కరెంటు ప్లగ్ ఉన్న చోట ఆపుకున్నాం.

ఇప్పుడు మామయ్య లిథియం బ్యాటరీ ఉన్న బండే తీసుకుందాం అంటున్నాడు. అది దాదాపు మొత్తం వాడుకోనిస్తుంది, నిజమే. కానీ సున్నా కింద దాన్ని చార్జ్ చేస్తే లోపల పాడవుతుంది, దాన్నే ముందు వెచ్చగా ఉంచాలి. నా మటుకు నాకు అదే యాసిడ్ బ్యాటరీ ఇంకొకటి పక్కన ఉండి, రోజుకో గంట బండి నడిపితే చాలనిపిస్తుంది. రాజమండ్రి డిపోలో ముప్పై ఏళ్ళు బ్యాటరీలు చూశాను. మనకి ఎండ శత్రువు. మే నెలలో డిస్టిల్డ్ వాటర్ పోసీ పోసీ చేతులు పడిపోయేవి. వేడి బ్యాటరీ ఆయుష్షు తినేస్తుంది, చలి ఆ రోజు బలం మాత్రమే తీసుకుంటుంది. రెండూ చూసే అదృష్టం నాకు ఈ వయసులో కలిగింది.

మీ నాన్న ఇంట్లో ఉన్నప్పుడు, ఆయన్ని పక్కన పెట్టుకుని మన ఇన్వర్టర్ బ్యాటరీ దగ్గరికి వెళ్ళండి. దాని మీద ఏహెచ్ ఎంతని రాసుందో చూడండి. నీళ్ళ మట్టం చూపించే బుడిపెలు కిందికి దిగాయేమో కూడా చూడండి, మూతలు మాత్రం ముట్టుకోవద్దు. ఫ్యాన్లు, లైట్లు ఎన్ని ఆంపియర్లు లాగుతాయో వచ్చే ఉత్తరంలో లెక్క నేర్పుతాను. ముందు ఆ అంకె నాకు పంపండి.

మీ తాతయ్య