హీటర్ లేని మొక్కల ట్యాంకుకు చిన్న చేపలు: అపోహలు - వాస్తవాలు

హీటర్ పెట్టకపోతే నీళ్లు చల్లగా ఉంటాయనుకోవడం దగ్గరే చాలా తప్పులు మొదలవుతాయి. హీటర్ లేని ట్యాంకుకు సొంత ఉష్ణోగ్రత అంటూ ఉండదు. గది ఎలా ఉంటే నీళ్లూ అలాగే ఉంటాయి. చలికాలం తెల్లవారుజామున 16 డిగ్రీలు చూపించిన నీళ్లే ఎండాకాలం సాయంత్రానికి 31 చూపించవచ్చు.

మొక్కల ట్యాంకులు వేయడం, వాటిలోకి ఏ చేపలు సరిపోతాయో చెప్పడం నా పని. "ఏం వేసుకోమంటారు?" అని అడిగినవాళ్లను ముందు థర్మామీటర్ కొనుక్కోమంటాను. మొక్కలు నాటి నీళ్లు నింపాక, చేపలు వేయకముందే, తెల్లారేలోపు ఒకసారి, మధ్యాహ్నం దాటాక ఒకసారి చూసి రాసుకోమంటాను. మొక్కలు వేరు పట్టడానికి ఎలాగూ కొన్ని వారాలు పడుతుంది, కాబట్టి ఆ రోజులు వృథా పోవు. కాలం మారినప్పుడు మళ్లీ చూడాలి. అలా రాసుకున్నవాటిలో అతి తక్కువ అంకె, అతి ఎక్కువ అంకె రెండూ చేప తట్టుకునే హద్దుల్లోనే ఉండాలి. సగటు చూసుకుని కొంటే ఏదో ఒక కొసన దెబ్బ తగులుతుంది.

అపోహ: హీటర్ లేకపోతే గోల్డ్‌ఫిష్ తప్ప గతి లేదు.

వాస్తవం: గోల్డ్‌ఫిష్ అసలు చిన్న చేపే కాదు. బాగా పెరిగితే 20 సెంటీమీటర్లు దాటుతుంది. లేత ఆకులు కొరుకుతుంది. అడుగునంతా నోటితో కెలికి, నిన్న నాటిన మొక్కను ఇవాళ పైకి తేలుస్తుంది. మొక్కల ట్యాంకుకు ఇంతకన్నా పొసగని చేప దొరకడం కష్టం.

చల్లని నీళ్లను నిజంగా ఇష్టపడే చిన్న చేపలు వేరే ఉన్నాయి. వాటిలో నేను ముందు చెప్పేది వైట్ క్లౌడ్ మౌంటెన్ మిన్నో. చైనాలో గ్వాంగ్‌జౌ దగ్గరి కొండవాగుల్లో దొరికి, 1932లో శాస్త్రలోకానికి పరిచయమైంది. పుట్టిన చోట ఒక దశలో అంతరించిపోయిందనే అనుకున్నారు. తర్వాత అక్కడక్కడ చిన్న గుంపులు కనిపించాయి. అమ్మకానికి వచ్చేవి ఫారాల్లో పుట్టి పెరిగినవి. నాలుగు సెంటీమీటర్లు మించదు. 14 నుంచి 22 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. ఎనిమిది పదింటిని కలిపి వేస్తే మగవి పక్కపక్కనే నిలబడి రెక్కలు విప్పుకుని పోటీ పడతాయి. ఆ పోటీలో ఒకదానికొకటి చేసే హాని ఏమీ ఉండదు. వాటి అసలు రంగు చూడాలంటే అప్పుడే చూడాలి.

రెండోది జీబ్రా డేనియో. దీని గొప్పతనం రెండు వైపులా సర్దుకోవడం. 18 డిగ్రీల్లోనూ చురుగ్గా తిరుగుతుంది. ప్రపంచమంతటా పరిశోధనశాలల్లో ఇదే చేపను 28 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా పెంచుతారు. చలికి చలి, ఎండకు ఎండ ఉండే గదికి నా ఓటు దీనికే. అన్నట్టు, నియాన్ రంగుల్లో మెరిసే డేనియోలను వేరే జాతి అనుకునేవాళ్లున్నారు. అవీ జీబ్రాలే. జెల్లీఫిష్, పగడాల జన్యువులు చేర్చడం వల్ల ఆ రంగులు వచ్చాయి. కొన్ని దేశాల్లో వాటి అమ్మకానికి అనుమతి లేదు.

మూడోది మెడాకా. రైస్ ఫిష్ అని కూడా అంటారు. జపాన్‌లో వరిమళ్లలో, కాలువల్లో ఉండే చేప. పైన మంచు పేరుకునే కొలనుల్లోనూ చలికాలం గడిపేస్తుంది, 30 డిగ్రీల ఎండనూ ఓర్చుకుంటుంది. 1994లో కొలంబియా స్పేస్ షటిల్‌లో వెళ్లి, అంతరిక్షంలో జతకట్టి గుడ్లు పెట్టిన తొలి వెన్నెముక జీవి ఇదే. మొక్కల ట్యాంకులో దీన్ని పొద్దున్నే గమనించాలి. ఆడచేప పొట్ట కింద చిన్న గాజుపూసల్లాంటి గుడ్లు గుత్తిగా వేలాడుతుంటాయి. కొన్ని గంటలు అలాగే మోసుకు తిరిగి, జావా మాస్ (నీళ్లలో పెరిగే నాచు మొక్క) దొరికితే అందులోకి దూరి పొట్టను రుద్దుతుంది. గుడ్లు సన్నని పోగులతో మాస్‌కు అంటుకుపోతాయి. వెచ్చగా ఉంటే వారం పది రోజుల్లో పిల్లలు వస్తాయి, చల్లగా ఉంటే ఇంకా ఆలస్యమవుతుంది.

అడుగున తిరిగే చేప కావాలంటే పెప్పర్డ్ కోరీ అనే చిన్న క్యాట్‌ఫిష్. కోరీల్లో చాలావాటికన్నా ఇది చల్లదనాన్ని బాగా భరిస్తుంది. అడుగున మెత్తని ఇసుక ఉండాలి. గరుకు రాళ్ల మీద దాని మీసాలు అరిగిపోతాయి.

అపోహ: చలిని తట్టుకునే చేపకు వేడి ఒక లెక్కా?

వాస్తవం: హీటర్ లేని ట్యాంకుల్లో చేపలు పోయాయని నాకు కబురొచ్చేది చలికాలంలో కన్నా ఎండాకాలంలోనే ఎక్కువ. కారణం గాలి. 15 డిగ్రీల నీళ్లు లీటరుకు దాదాపు 10 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు. 30 డిగ్రీలకు వచ్చేసరికి అది ఏడున్నరకు పడిపోతుంది. అదే సమయంలో చేప ఒంట్లో పనులన్నీ వేగం పుంజుకుంటాయి, దానికి కావలసిన ఆక్సిజన్ పెరుగుతుంది. నీళ్లలో ఉన్నది తగ్గుతుంది, చేపకు కావలసింది పెరుగుతుంది.

దీనికి మొక్కలు తోడవుతాయి. పగలు ఆక్సిజన్ ఇచ్చే మొక్కలే రాత్రి లైటు ఆరిపోయాక దాన్ని పీల్చుకుంటాయి. కాబట్టి దట్టమైన మొక్కల ట్యాంకులో ఆక్సిజన్ అట్టడుగుకు చేరేది తెల్లవారుజామున. చేపలు బాగున్నాయో లేదో చూడాల్సింది సాయంత్రం లైటు కింద కాదు, పొద్దున లైటు వేయకముందే. అన్నీ నీటి పైపొర దగ్గర చేరి, నోళ్లు పైకెత్తి, మొప్పలు వడివడిగా ఆడిస్తుంటే అది ఆకలి కాదు, ఊపిరాడకపోవడం. మొక్కల కోసం కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ వాడేవాళ్లయితే రాత్రి దాన్ని తప్పకుండా కట్టేయాలి.

వైట్ క్లౌడ్‌ను 28 డిగ్రీల్లో ఉంచితే ఆ రోజుకారోజు చచ్చిపోదు. అందుకే "మా ఇంట్లో బాగానే ఉంది" అంటారు. నెలల తరబడి ఆ వేడిలో ఉంటే ఎరుపు వెలిసిపోతుంది, ఒళ్లు చిక్కుతుంది, ఆయుష్షు తగ్గుతుంది. మీ గది ఎండాకాలమంతా 28 దాటి ఉంటే వైట్ క్లౌడ్ మీ చేప కాదు. పదిహేను రోజుల ఎండే అయితే మూత కొంచెం పక్కకు జరిపి సన్నని వల వేసి, చిన్న ఫ్యాన్ గాలి నీటి మీదుగా పోయేలా పెట్టండి. నీళ్లు ఆవిరయ్యేకొద్దీ రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. తగ్గిన మట్టం మేరకు నీళ్లు చేర్చుకుంటూ ఉండాలి. ఫిల్టర్ నోటిని పైపొర కదిలేలా తిప్పడం కూడా మరవొద్దు.

అపోహ: ఉష్ణమండల దేశం చేప అంటే వెచ్చని నీళ్ల చేపే.

వాస్తవం: దేశం పేరు కాదు, ఆ చేప ఉండే ఎత్తు చూడాలి. 2006లో మయన్మార్‌లో దొరికి సంచలనం రేపిన సెలెస్టియల్ పెర్ల్ డేనియో సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున, కొండ ప్రాంతపు లోతులేని చెలమల్లో ఉంటుంది. రెండు సెంటీమీటర్ల చేప, నీలం మీద ముత్యాల చుక్కలు. 20 నుంచి 25 డిగ్రీలు దానికి చాలు. అదే దేశంలోని ఇన్లే సరస్సుకు చెందిన ఎమరాల్డ్ డ్వార్ఫ్ డేనియో కూడా అంతే. ఈ రెండూ పిరికివి. దట్టంగా మొక్కలు లేకపోతే బయటికే రావు. చురుకైన జీబ్రాలతో కలిపితే తిండి దగ్గర వెనకబడిపోతాయి.

అపోహ: ఏ చేపైనా నెమ్మదిగా అలవాటు పడుతుంది.

అలవాటు పడుతుంది, జాతి హద్దుల్లోపల. ఆ హద్దు దాటాక ఎంత నెమ్మదిగా దించినా లాభం లేదు. బెట్టాకు 24 డిగ్రీలకు తగ్గకూడదు. చల్లని నీళ్లలో అది ఆకు మీద పడుకుని కదలదు, దాన్ని చూసి "సాధు స్వభావం" అని మురిసిపోతుంటారు. రామ్ సిక్లిడ్‌కు 27 పైన కావాలి. నియాన్ టెట్రా 21 వరకు సర్దుకుంటుంది, దానికి అచ్చు కవలలా కనిపించే కార్డినల్ టెట్రాకు ఇంకాస్త వెచ్చదనం కావాలి. గుప్పీల సంగతి వేరు. వెచ్చని ఫారంలో పెంచిన పెద్ద తోకల గుప్పీ 18 డిగ్రీల్లో తోక ముడుచుకుని మూలకు చేరుతుంది. అలాంటి నీళ్లలోనే తరాలుగా పెరిగిన మామూలు గుప్పీ అయితే అంత ఇబ్బంది పడదు. కాబట్టి గుప్పీ కొనేటప్పుడు రంగు సంగతి తర్వాత, అది ఏ నీళ్లలో పెరిగిందో ముందు అడగాలి.

అపోహ: రాత్రికీ పగటికీ ఉష్ణోగ్రత మారితే చేపలు చస్తాయి.

వాగులో, మడిలో నీళ్లు రోజూ మారుతూనే ఉంటాయి. రెండు మూడు డిగ్రీలు గంటల తరబడి నెమ్మదిగా మారితే పైన చెప్పిన చేపలకు చీమ కుట్టినట్టయినా ఉండదు. చంపేది హఠాత్తు మార్పు. 28 డిగ్రీల దుకాణం కవర్లోంచి తీసి నేరుగా 18 డిగ్రీల ట్యాంకులో వేయడం లాంటివి.

నీళ్లు తక్కువైతే మార్పు వేగం పెరుగుతుంది. "చిన్న చేప కదా, చిన్న గిన్నె చాలు" అనే అపోహకు జవాబు ఇక్కడే ఉంది. పది లీటర్ల గిన్నె గది వేడికి వెంటనే ఊగిపోతుంది. 60 లీటర్ల ట్యాంకు అంత తొందరగా చలించదు. హీటర్ లేనప్పుడు నీళ్ల పరిమాణమే రక్షణ. ఇక సెంటీమీటరు చేపకు లీటరు నీళ్లు అనే లెక్క పట్టించుకోవద్దు. అది చేప ఈదే తీరును లెక్కలోకి తీసుకోదు. జీబ్రా డేనియో రోజంతా ఈ చివర నుంచి ఆ చివరకు పరుగు తీస్తూనే ఉంటుంది. దానికి కనీసం 60 సెంటీమీటర్ల పొడవు ట్యాంకు, పైన మూత ఉండాలి. మూత లేకపోతే దూకేస్తుంది.

అపోహ: చిన్న చేపలు మొక్కలకు, రొయ్యలకు హాని చేయవు.

రోజీ బార్బ్ చల్లని నీళ్లకు చక్కగా సరిపోతుంది, కానీ లేత ఆకులు, మాస్ కొరికేస్తుంది, చిన్న చేప అనడానికీ లేదు. ప్యారడైజ్ ఫిష్ 16 డిగ్రీల్లోనూ బతుకుతుంది, అయితే పక్కనున్న చేపల రెక్కలు మిగలనివ్వదు. దాన్ని ఒంటరిగా పెంచుకోండి, చూడముచ్చటగా ఉంటుంది. దోమల నివారణకు వాడే గంబూసియాను ఉచితంగా దొరికినా వద్దంటాను. రెక్కలు కొరుకుతుంది, ఎవరి గుడ్లు కనిపించినా తినేస్తుంది. చెర్రీ రొయ్యలకు హీటర్ అక్కర్లేదు. డేనియోలు వాటి పిల్లల్ని తినేస్తాయి కాబట్టి మాస్ దట్టంగా ఉంటేనే సంతతి నిలుస్తుంది.

అపోహ: హీటర్ లేకుంటే మొక్కలు పెరగవు.

పెరుగుతాయి, కాస్త నెమ్మదిగా. జావా ఫెర్న్, అనూబియాస్, జావా మాస్, వాలిస్నేరియా, హార్న్‌వర్ట్ 18 - 20 డిగ్రీల్లో నిక్షేపంగా ఉంటాయి. కత్తిరింపు పని తగ్గుతుంది, అదొక సుఖం.

అపోహ: మొక్కలుంటే సైక్లింగ్ అవసరం లేదు.

సైక్లింగ్ అంటే చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను మార్చేసే బ్యాక్టీరియాను, చేపలు వేయకముందే ట్యాంకులో పెంచుకోవడం. మొక్కలు అమ్మోనియాను పీల్చుకునే మాట నిజమే. కానీ కొత్తగా నాటిన నాలుగు మొక్కల మీద భారం వేసి చేపలు వదిలితే మొప్పలు కాలిపోతాయి. అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా చల్లని నీళ్లలో నిదానంగా పెరుగుతుంది. 25 డిగ్రీల్లో నెల పట్టే పని 17 డిగ్రీల్లో ఇంకా సాగుతుంది. అందుకే చలికాలంలో మొదలుపెట్టిన ట్యాంకులో క్యాలెండర్ చూసి చేపలు వేయొద్దు. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాక వేయండి. చలికాలంలో చేప తిండి కూడా తగ్గించాలి. నీళ్లు 15కు దిగితే దాని అరుగుదల మందగిస్తుంది, మిగిలిన మేత కుళ్లి మళ్లీ అమ్మోనియాగానే మారుతుంది.

అపోహ: తెల్ల మచ్చల రోగం వస్తే నీళ్లు వేడి చేస్తే చాలు.

వెచ్చని నీళ్ల చేపలకు వాడే ఉపాయం ఇది. వైట్ క్లౌడ్ ట్యాంకును 30కి తీసుకెళ్తే రోగం కన్నా ముందు చేప పోతుంది. ఆ రోగం తెచ్చే పరాన్నజీవి జీవితచక్రం 25 డిగ్రీల్లో కొద్ది రోజుల్లో పూర్తయితే, చల్లని నీళ్లలో వారాలు పడుతుంది. మందు దాని మీద పనిచేసేది అది చేపను వదిలి నీళ్లలో ఈదే దశలోనే. అందువల్ల మచ్చలు కనిపించకుండా పోయిన రోజే మందు ఆపేయకూడదు, చల్లని ట్యాంకులో ఎక్కువ రోజులు కొనసాగించాలి. రొయ్యలుంటే మాత్రం రాగి ఉన్న మందులు వాడొద్దు.

అపోహ: ఎక్కువైన చేపల్ని చెరువులో వదిలితే బతికిపోతాయి.

బతుకుతాయి, చిక్కంతా అదే. చలినీ ఎండనూ ఓర్చుకుంటాయనే కదా వాటిని ఎంచుకున్నది. ఆ లక్షణంతోనే అవి బయటి నీళ్లలో పాతుకుపోతాయి. దోమల కోసమని వదిలిన గంబూసియా ఆస్ట్రేలియాలో స్థానిక చేపలకు, కప్పలకు ముప్పుగా మారింది. మీ మెడాకాలు, వైట్ క్లౌడ్‌లు మరీ పెరిగిపోతుంటే చేపలు పెంచే మరొకరికి ఇవ్వండి. అదీ కుదరకపోతే గుడ్లున్న మాస్‌ను వేరే డబ్బాలోకి మార్చకుండా అలాగే వదిలేయండి. పెద్ద చేపలే గుడ్లనూ పిల్లల్నీ తిని సంఖ్య తగ్గిస్తాయి.