వెన్నుపాముకు ఏ తూము నీళ్లు?

మా దర్శి బ్రాంచి కాలువ చివరి ఊళ్లవాళ్లకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు: మ్యాపులో కాలువ గీత ఉన్నంతమాత్రాన చేను తడవదు. ఏ తూము ఎత్తితే ఏ పొలానికి పారుతుందో లస్కరుకు తెలిసుండాలి. వెన్నుపాముకు అందే రక్తం కథా ఇదే.

చిటికెనవేలి లావు, సుమారు 45 సెంటీమీటర్ల పొడవు. దానికి వెనకవైపు రెండు ధమనులు, ముందువైపు ఒక్కటే. మూడింట రెండు వంతుల వెన్నుపాము ఆ ముందున్న ఒక్కదాని మీదే బతుకుతుంది. కండరాలను ఆడించే నరకణాలు ఉండేదీ ఆ భాగంలోనే. మెడ దగ్గర మొదలైన ఆ ధార నడివీపు చేరేసరికి సన్నబడిపోతుంది, అచ్చం మా చివరి ఆయకట్టులాగే. అందుకని బృహద్ధమని నుంచి దారిలో కొన్ని పిల్లకాలువలు వచ్చి కలుస్తాయి. వాటిలో పెద్దదానికి, 1882లో దాన్ని వర్ణించిన ఆల్బర్ట్ ఆడమ్‌కీవిచ్ పేరే పెట్టారు. ఎక్కువమందిలో అది ఎడమవైపు, తొమ్మిదో ఛాతీ వెన్నుపూసకూ పన్నెండోదానికీ మధ్య బయల్దేరుతుంది. అందరిలోనూ అక్కడే ఉంటుందనుకుంటే మాత్రం ప్రమాదం.

మా పెదనాన్నకు కిడ్నీ కేన్సర్ పదో ఛాతీ వెన్నుపూసకు పాకింది. ఈ రకం గడ్డల్లో రక్తనాళాలు గుబురుగా ఉంటాయి, కత్తి పెడితే రక్తం ఆగదు. ఆపరేషన్‌కు ఒకటి రెండు రోజుల ముందే గడ్డకు రక్తమిచ్చే నాళాలను మూసేస్తారు. చిక్కేమిటంటే, గడ్డకూ వెన్నుపాముకూ ఒకే నాళం రక్తమిస్తుండొచ్చు. తెలియక దాన్ని మూస్తే కాళ్లు పడిపోవచ్చు.

అందుకే మూసేముందు ఆ నాళాలకు వేరే పరీక్ష చేయాలన్నారు. "ఎమ్మారై తీశారుగా, మళ్లీ ఇదెందుకు?" అని మా ఇంట్లో అందరూ అడిగారు. నేనూ అడిగాను. ఎమ్మారైలో గడ్డ బాగా కనిపిస్తుంది, మిల్లీమీటరు అటూఇటూ లావుండే వెన్నుపాము నాళం తేలిగ్గా దొరకదు. అందుకే తొడ మొదట్లోంచి సన్నటి గొట్టం పంపి, ఎడమా కుడీ ఒక్కో నాళంలో డై (ఎక్స్‌రేలో నాళం కనిపించేలా చేసే మందు) వదిలి చూస్తారు. ఒక కిడ్నీ తీసేసిన మనిషి కాబట్టి ముందు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూసి, డై కొంచెం కొంచెంగానే వాడారు.

తర్వాత డాక్టరుగారు ఆ బొమ్మ మాకు చూపించారు. ఎడమవైపు నల్లటి దారంలాంటి గీత పైకి ఎగబాకి, తలపిన్నులా వంగి, కిందికి దిగుతోంది. ఆ వంపే ఆడమ్‌కీవిచ్ నాళం గుర్తు. "దీని జోలికి పోలేదు, కుడివైపువి మాత్రమే మూశాం" అన్నారాయన.

మూసిన వెంటనే, ఇంకా బల్లమీదే ఉండగా, "పెద్దయ్యా, కాలి బొటనవేళ్లు ఆడించు" అని అడిగారట. రెండూ ఆడించాడు పెదనాన్న. ఆపరేషన్ మర్నాడు పొద్దున పెట్టుకున్నారు.