లైసెన్సు సస్పెండైనవారి కారు బీమా: అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో మోటారు బీమా పాలసీలు చేయించే పనిలో ఉన్నందువల్ల, మద్యం తాగి నడిపినందుకో, సెల్‌ఫోను మాట్లాడుతూ నడిపినందుకో లైసెన్సు సస్పెండైనవారు నా దగ్గరకు తరచుగా వస్తుంటారు. కొందరు పాలసీ కూడా పోయిందేమోనని బెంగపడుతూ వస్తారు. వారికి ధైర్యం చెప్పడం తేలిక. పాలసీ ఉంది కదా అన్న ధీమాతో ఎప్పటిలాగే కారు నడుపుతున్నవారిని చూస్తేనే నాకు భయం.

అపోహ: "ఫుల్ ఇన్సూరెన్సు ఉంది. నేను నడిపినా కంపెనీ ఇవ్వక తప్పదు."

వాస్తవం: ప్రమాద సమయంలో నడుపుతున్న వ్యక్తికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలనీ, లైసెన్సు పొందడానికి అతడు అనర్హుడై ఉండకూడదనీ ప్రతి కారు పాలసీలోని డ్రైవర్ క్లాజు స్పష్టంగా చెబుతుంది. సస్పెన్షన్ కాలంలో మీరే నడిపి ప్రమాదం చేస్తే కారు మరమ్మతు ఖర్చు రాదు, ఓనర్-డ్రైవరుకు ఉండే 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా వర్తించదు. బంపర్ టు బంపర్ అనే అదనపు కవరు తీసుకున్నా ఇంతే, ఎందుకంటే అది విడిభాగాల తరుగుదల కోతను మాత్రమే తప్పిస్తుంది.

ఇంతవరకూ చాలామంది ఒప్పుకుంటారు. "కనీసం ఎదుటివారి పరిహారం కంపెనీయే కడుతుంది కదా" అన్న దగ్గరే కొంప మునుగుతుంది. అది సగం నిజం. స్వరణ్ సింగ్ కేసులో 2004లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును అనుసరించి, ఇలాంటి ప్రమాదాల్లో ముందుగా బాధితులకు చెల్లించి, ఆ తర్వాత ఆ మొత్తాన్ని వాహన యజమాని నుంచి రాబట్టుకొమ్మని, ప్రమాద పరిహారం కేసులు విచారించే ట్రిబ్యునళ్లు కంపెనీలను ఆదేశిస్తుంటాయి. అందుకోసం కంపెనీ విడిగా దావా వేయనక్కరలేదు. ట్రిబ్యునల్ ధ్రువపత్రం కలెక్టరుకు వెళితే, భూమి శిస్తు బకాయి వసూలు చేసినట్లే వసూలు చేస్తారు. సంపాదించే వయసువాడు చనిపోయిన కేసుల్లో పరిహారం లక్షల్లో ఉంటుందని వేరే చెప్పనవసరం లేదు.

చంద్రగిరి వైపు ఉండే ఒక చిన్న వ్యాపారి, సస్పెన్షన్ ఇంకొద్ది రోజుల్లో ముగుస్తుందనగా, పెళ్లికి పోతూ తానే స్టీరింగు పట్టారు. పాకాల దారిలో బైకును ఢీకొన్నారు. "కంపెనీ కట్టేసిందన్నా, గొడవ తీరిపోయింది" అని ఆయన సంబరంగా ఫోను చేసినప్పుడు తీర్పు కాపీ పూర్తిగా చదివించుకొమ్మని చెప్పాను. కొన్నాళ్లకు వసూలు నోటీసు వచ్చింది, కూతురి చదువుకని ఉంచుకున్న స్థలం అమ్ముకున్నారు. ఆయన చెడ్డవారు కారు, బాధిత కుటుంబాన్ని వెళ్లి పలకరించి వచ్చిన మనిషి. యాక్టింగ్ డ్రైవరును పిలుచుకొని ఉంటే ఒక రోజు కూలితో పోయేది.

ప్రమాదం జరిగాక బావమరిది నడిపాడని రాయించండి అని సలహా చెప్పేవారు ప్రతి వీధిలో ఉన్నారు. దయచేసి వారి మాట వినకండి. ఎఫ్ఐఆర్, ఆసుపత్రి రికార్డు, సీసీ కెమెరాలు, ఫోను లొకేషన్ అన్నీ పరిశీలనకు వస్తాయి. అబద్ధం బయటపడితే క్లెయిము పోవడమే కాక, ఏ తప్పూ చేయని బావమరిది కూడా కేసులో చిక్కుకుంటాడు.

కొండకు కార్లు తిప్పే ట్రావెల్స్ యజమానులకు ఒక మాట. మీ డ్రైవరు లైసెన్సు సస్పెండైందని తెలిసీ బండి ఇస్తే, వసూలు భారం మీ మీదే పడుతుంది, పైగా 5,000 రూపాయల జరిమానా, 3 నెలల వరకు జైలు ఉండవచ్చు. తగిన జాగ్రత్త తీసుకున్న యజమానికి మాత్రం అదే స్వరణ్ సింగ్ తీర్పు రక్షణ ఇస్తుంది. కాబట్టి చేతిలోని కార్డు చూసి నమ్మకుండా, రవాణా శాఖవారి పరివాహన్ సారథి వెబ్‌సైటులో లైసెన్సు స్థితి చూసి, ఆ పేజీ ప్రింటు తీసి దాచుకోండి.

ఇక బెంగపడేవారి సందేహాలు. మీ లైసెన్సు సస్పెండైతే పాలసీ రద్దు కాదు, లైసెన్సున్న భార్యో, కొడుకో, డ్రైవరో నడిపితే పూర్తిగా వర్తిస్తుంది. పోలీసులు లైసెన్సు తీసుకొని రసీదు ఇచ్చినంత మాత్రాన సస్పెండైనట్లు కాదు, ఆ రసీదులో వేసిన తేదీ వరకు మీరు నడపవచ్చు. ఆర్టీఓ నుంచి వచ్చింది షోకాజ్ నోటీసు అయితే మీ వాదన చెప్పుకొనే అవకాశం ఉంటుంది, ఉత్తర్వే అయితే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఆగి ఉన్న కారు దొంగతనానికి గురైనా, 2021 నవంబరులో మన ఊళ్లో వచ్చినట్లు వరదొచ్చి ఇంటి ముందే మునిగినా, ఆ నష్టానికి మీ లైసెన్సుతో సంబంధం లేదు, క్లెయిము వేయండి. ప్రీమియం పెరుగుతుందని, బీమా ఉందని కంపెనీ ధ్రువీకరించే ఎస్ఆర్-22 ఫారం కావాలని అమెరికాలోని పిల్లలు చెప్పేది అక్కడి రాష్ట్రాల నిబంధన, ఇక్కడిది కాదు.

ఎలాగూ నడపడం లేదని రెన్యువల్ మానేయడం మాత్రం పొరపాటు. గడువు దాటి 90 రోజులైతే క్లెయిము వేయనందుకు ప్రీమియంలో ఏళ్ల తరబడి కూడిన తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, పోతుంది.

సస్పెన్షన్ తేదీ ముగిసిన మరునాడే తాళం చేతికి తీసుకోకండి. 2019 సవరణతో, రిఫ్రెషర్ శిక్షణ పూర్తి చేస్తేనే ఆర్టీఓ కార్యాలయం లైసెన్సు తిరిగి ఇవ్వాలన్న నిబంధన మోటారు వాహనాల చట్టంలో చేరింది. లైసెన్సు చేతికొచ్చి, సారథిలో కూడా సస్పెన్షన్ తొలగినట్లు కనిపించాకే నడపండి.