సోయా చిక్కుడు సాగు: అపోహలు – వాస్తవాలు

నిర్మల్ జిల్లా నల్లరేగడి నేలల్లో ఏటా వానాకాలం సోయా వేసే రైతును నేను. ఎవరి చేను బాగా పండినా తోటి రైతులు ముందుగా అడిగేది ఏ మందు కొట్టారని, ఎంత యూరియా వేశారని. ఎకరంలో ఎన్ని మొక్కలు నిలిచాయని గానీ, వాటి వేళ్లకు బుడిపెలు కట్టాయా అని గానీ అడిగేవారు అరుదు. నా అనుభవంలో ఈ పంట దిగుబడిలో పెద్ద భాగం మొదటి నెలలోనే, ఆ రెండింటి మీదే తేలిపోతుంది.

అపోహ: విత్తనం ఎంత ఎక్కువ వేస్తే దిగుబడి అంత పెరుగుతుంది.

సాళ్ల మధ్య 45 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 5 సెంటీమీటర్లు ఉంచితే ఎకరానికి సుమారు 1,80,000 మొక్కలు పడతాయి. వంద గింజలు 12 గ్రాములు తూగే రకమైతే 30 కిలోల సంచిలో 2,50,000 గింజలుంటాయి. నూటికి 70 మొలిచినా 1,75,000 మొక్కలు వస్తాయి కనుక ఆ సంచి ఎకరానికి సరిపోతుంది. అదే నూటికి 50 మాత్రమే మొలిస్తే 1,25,000 దగ్గరే ఆగిపోతాం. కాబట్టి చూసుకోవలసింది మొదట మొలక శాతాన్ని, ఆ తర్వాతే కిలోలను. మంచి విత్తనాన్ని అవసరానికి మించి ఒత్తుగా వేస్తే కాండం సన్నబడి మొక్క పడిపోతుంది, కింది కణుపులకు ఎండ తగలక కాయ తగ్గుతుంది.

ఒక ఏడాది సంచికి కట్టిన చీటీని నమ్మి, పరీక్షించకుండానే విత్తాను. వారం తర్వాత చూస్తే సాలులో బారెడు బారెడు ఖాళీలు కనిపించాయి. మళ్లీ విత్తేసరికి అదను దాటిపోయింది. అప్పటినుంచి కొన్నదైనా, ఇంట్లోదైనా వంద గింజలను తడి గోనెసంచిపై వరుసగా పేర్చి, చుట్టగా చుట్టి, తడి ఆరకుండా ఐదారు రోజులు ఉంచి లెక్కపెట్టనిదే పొలానికి తీసుకువెళ్లడం లేదు. 70 కంటే తక్కువ మొలిస్తే విత్తన మోతాదు పెంచుతాను, మరీ తక్కువైతే ఆ విత్తనాన్నే వదిలేస్తాను.

అపోహ: ప్రతి సంవత్సరం కొత్త విత్తనం కొనవలసిందే.

సోయా స్వపరాగ సంపర్కం జరిగే పంట. జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన జె.ఎస్. 335 వంటివి సూటి రకాలే (గింజను మళ్లీ వేసినా అదే రకం వచ్చేవి) గాని హైబ్రిడ్లు కావు. అందువల్ల కల్తీ మొక్కలను పీకేసుకుంటూ రెండు మూడేళ్లు సొంత విత్తనమే వాడుకోవచ్చు. అయితే ఈ గింజ చాలా సున్నితమైనది. పైపొర పలుచన, మొలక భాగం ఆ పొర కిందే ఉంటుంది. నూర్పిడి యంత్రాన్ని వేగంగా తిప్పినా, బస్తాను ఎత్తు నుంచి నేలకేసి పడేసినా పైకి ఏమీ తెలియదు గాని లోపల మొలక దెబ్బతింటుంది. విత్తనపు బస్తాలను చెక్కల మీద నాలుగైదు వరుసలకు మించకుండా పేర్చాలి. కూలీలకు ఈ మాట నేను ప్రతిసారీ దగ్గర నిలబడి చెబుతాను.

అపోహ: చేను పచ్చగా ఉండాలంటే యూరియా పైపాటుగా వేయాలి.

ఎక్కువ నష్టం చేస్తున్న నమ్మకం ఇదేనని నా అభిప్రాయం. తెలంగాణలో ఎకరానికి సిఫారసు 12 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 16 కిలోల పొటాష్. ఒక బస్తా డీఏపీ వేస్తే అందులోనే 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం అందుతాయి. మిగతా నత్రజనిని చాలావరకు వేరు బుడిపెల్లోని బాక్టీరియా గాలి నుంచి తీసుకుని మొక్కకు ఇస్తుంది. నేలలో యూరియా దండిగా ఉంటే మొక్క బుడిపెలు కట్టడమే తగ్గించుకుంటుంది.

విత్తిన ముప్పై, నలభై రోజులప్పుడు మొక్కను పీకకుండా పారతో మట్టి సహా తవ్వి తీసి, నీటిలో మెల్లగా కడిగి చూడండి. ఒక బుడిపెను గోరుతో చీలిస్తే లోపల ఎర్రగానో గులాబీ రంగులోనో ఉంటే అది పనిచేస్తున్నట్లు. తెల్లగా, ఆకుపచ్చగా ఉంటే పనిచేయడం లేదు. సోయా ఎన్నడూ వేయని నేలలో సోయాకు తగిన రైజోబియం కల్చర్‌ను (బుడిపెలు కట్టించే బాక్టీరియా మందును) విత్తనానికి తప్పక పట్టించాలి, కంది, పెసరలకు ఇచ్చేది దీనికి పనికిరాదు. విత్తనశుద్ధిలో ముందు శిలీంద్రనాశిని, తర్వాత పురుగుమందు, చిట్టచివర కల్చర్ అనే వరుస తప్పకూడదు. కల్చర్ పట్టించిన గింజను నీడలో ఆరబెట్టి అదే రోజు విత్తాలి.

లేత ఆకులు పసుపు రంగుకు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే అది ఇనుప ధాతు లోపం. సున్నం ఎక్కువగా ఉన్న రేగడిలో ఇది మామూలే, దీనికి యూరియా మందు కాదు. నీరు నిలిచి చేను పాలిపోతే ముందు కాలువ తీయాలి.

అపోహ: నానబెట్టి విత్తితే త్వరగా మొలుస్తుంది.

సోయా గింజ నీటిని ఒక్కసారిగా పీల్చుకుంటే లోపల చిట్లుతుంది. నానబెట్టకూడదు. నేల బాగా తడిసేలా 60–75 మిల్లీమీటర్ల వాన పడ్డాక, 3 సెంటీమీటర్ల లోతుకు మించకుండా విత్తితే చాలు.

అపోహ: చేను పూర్తిగా ఎండేదాకా ఆగి కోస్తేనే తూకం వస్తుంది.

ఆకులు పండి రాలి, కాయల్లో నూటికి తొంభైకి పైగా గోధుమ రంగుకు తిరిగితే కోత మొదలుపెట్టవచ్చు. ఆపైన ఎండలో వదిలేసిన ప్రతి రోజూ కాయలు చిట్లి గింజ నేలపాలవుతుంది, వాన తగిలితే మిగిలిన గింజ కూడా రంగు మారుతుంది. నేను మంచు ఆరకముందే, పొద్దున్నే కోయిస్తాను. అప్పుడు కాయ మెత్తబడి ఉంటుంది కాబట్టి కొడవలి తాకినా గింజ రాలదు.